మిద్దె మీద ముగ్గుపిండి ఓడ

2003 వేసవిలో కర్నూలులోని మా ఇంటి మిద్దె మీద ఒక ఓడ ఉండేది. అమ్మ ముగ్గుపిండి డబ్బాను సగానికి పైగా ఖాళీ చేసి మా మామ గీసిన ఓడ అది. దాని ముక్కు తుంగభద్ర వైపు, తోక పక్కింటి వేపచెట్టు వైపు ఉండేవి. ఓడ పొడవునా ఒక గీత, దానికి ఎడమగా కొంచెం వాలి మరొక గీత, ఆ వాలుగీతకు అడ్డంగా నాలుగు చిన్న గీతలు. బట్టలు ఆరవేయడానికి పైకి వచ్చిన అమ్మ "ఇదేం ముగ్గన్నా, పండగా పబ్బమా?" అని అడిగితే, మామ ఏమాత్రం నవ్వకుండా "ముగ్గు గాదమ్మా, ఇది రన్‌వే" అన్నాడు.

ఎంసెట్ రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. అంతకు ముందు సంవత్సరం నాయన అప్పు చేసి కంప్యూటరు కొన్నాడు. పెంటియం 4, 128 ఎంబీ ర్యామ్, 15 అంగుళాల మానిటరు. చదువు కోసమని కొన్న ఆ యంత్రంలో నేను చేసినదంతా విమానాలు నడపడమే. బళ్ళారి చౌరస్తా దగ్గర సీడీలు అద్దెకిచ్చే అంగడిలో 1997 నాటి జేన్స్ ఫైటర్స్ ఆంథాలజీ, 2000లో వచ్చిన జేన్స్ ఎఫ్/ఏ-18 అనే విమానాల ఆటలు దొరికాయి. మొదటిదానిలో విమానవాహక నౌక మీద నుంచి లేవడం ఎంత తేలికంటే, బటను నొక్కితే చాలు, ఆకాశంలో ఉండేవాణ్ని. దిగడం మాత్రం నా వల్ల కాలేదు. నేల మీది రన్‌వేల మీద రోజుకు పదిసార్లు మెత్తగా దించగలిగిన నేను, ఓడ మీదికి వచ్చేసరికి అయితే సముద్రంలో మునిగేవాణ్ని, లేదంటే ఓడ వెనక అంచుకు గుద్దుకొని ముక్కలయ్యేవాణ్ని. సముద్రమే చూడని కర్నూలు పిల్లవాడు రోజూ సముద్రంలో పడి చావడం చూసి మా చెల్లెలు నవ్వేది.

మామ అంటే అమ్మకు పెద్దన్న. 1968లో నౌకాదళంలో చేరి, పాత విమానవాహక నౌక విక్రాంత్ డెక్ మీద, అంటే ఓడ పైతలం మీద, విమానాలను అటూ ఇటూ నెట్టించడం, వరుసలో నిలిపించడం, వాటిని గాలిలోకి విసిరే కాటపుల్ట్ దగ్గరికి చేర్పించడం వంటి పనులు చేసి, రిటైరై కర్నూలుకు వచ్చి స్థిరపడ్డాడు. ఆయన పైలట్ కాదు, ఆ మాట ఆయనే ముందుగా చెప్పేవాడు. "నడిపేవాడు నడిపేది కాసేపే. వాడు పోయినప్పటి నుంచి తిరిగొచ్చే దాకా డెక్ మీద కాసుకోని ఉండేది మేము" అనేవాడు. ఒక సాయంత్రం మా ఇంటికి ఉగ్గాని, బజ్జీ తినడానికి వచ్చి, చేతిలో ప్లేటుతోనే నా వెనక నిలబడి, నేను వరుసగా మూడుసార్లు సముద్రంలో పడడం చూశాడు. మూడోసారి పడ్డాక "ఒరే అల్లుడా, నువ్వు ఓడ ఉన్న చోటికి పోతాండావు. నువ్వు పోయేసరికి అది ఆడుంటుందా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు సగం విషయం తెలిసింది. నేల మీది రన్‌వే కదలదు, ఓడ కదులుతుంది. అదీ నేరుగా మనకు ఎదురుగా పోతే బాగుండేది, కానీ అలా పోదు. దిగే దారిని ఓడ నడుమ గీతకు సుమారు తొమ్మిది డిగ్రీలు ఎడమకు వాల్చి కడతారు కాబట్టి, విమానం కొక్కేనికి తగిలి దాన్ని ఆపడానికి డెక్‌కు అడ్డంగా కట్టిన తీగ అందకపోతే, ఆ విమానం ముందు నిలిపి ఉన్న విమానాలను గుద్దకుండా పక్కకు లేచిపోగలదు. ఆ వాలు వల్లనే, దిగడానికి వస్తున్న పైలటు కంటికి రన్‌వే క్షణక్షణమూ కుడివైపు జారిపోతున్నట్టు కనిపిస్తుంది. మామ మిద్దె మీద ముగ్గు వేసింది ఈ సంగతి నాకు ఎక్కించడానికే. నన్ను వేపచెట్టు వైపు నిలబెట్టి, వాలుగీత మీద నడిచి రమ్మని, తాను ఒక పాత దుప్పటి మీద కూడా అదే వాలుగీత గీసి, దాన్ని ఓడగా పరిచి నదివైపు లాగుతూ పోయేవాడు. గీత మీద అడుగు వేద్దామనుకునేసరికి గీత అక్కడ ఉండేది కాదు. నాలుగు రోజుల్లో నా కాళ్లకు అలవాటైంది గానీ, చేతికి అలవాటు కావడానికి నెల పట్టింది.

తర్వాత వచ్చింది అద్దం పాఠం. మామ గడ్డం గీసుకొనే అద్దం తెచ్చి, అమ్మ దగ్గర కుంకుమ అడిగి, అద్దం నడుమ అడ్డంగా ఒక గీత గీశాడు. అద్దాన్ని ఒక పీట మీద కొంచెం వెనక్కు వాల్చి నిలిపి, దాని మీదికి టార్చిలైటు వేసి, "లైటు బొట్టు ఆ గీత మీదనే ఉండేట్టు చూసుకుంటా నడుచుకోని రా, గీత దాటనీయొద్దు" అన్నాడు. నాలుగడుగులు వేసేసరికి నడుము వంగింది, ఇంకో నాలుగడుగులకు మోకాళ్లు వంగాయి, చివరికి నా గడ్డం పోయి పీటకు తగిలింది. "అదే దిగడమంటే" అన్నాడు మామ. ఎత్తు చూడక్కరలేదు, దూరం లెక్కపెట్టక్కరలేదు, డెక్ వైపు చూపు నిలపకూడదు, ఆ వెలుగు బొట్టును గీత మీద నిలుపుకుంటే చాలు, అదే మనలను తీగల దగ్గర దింపుతుంది. చాలా ఏళ్ల తర్వాత నేను చదివి ఆశ్చర్యపోయిన సంగతి ఏమిటంటే, ఈ అద్దం పద్ధతిని కనిపెట్టిన బ్రిటిష్ నౌకాదళాధికారి నికొలస్ గుడ్‌హార్ట్ 1951లో తన కార్యాలయంలో దీన్ని నిరూపించింది కూడా ఇలాగేనట; కార్యదర్శి చేతి అద్దం మీద ఆమె లిప్‌స్టిక్‌తో గీత గీసి, టార్చి వెలుగును గీత మీద ఉంచుతూ నడవమంటే ఆమె గడ్డం బల్లకు తగిలిందని చెబుతారు. లిప్‌స్టిక్ స్థానంలో మా అమ్మ కుంకుమ వచ్చింది, అంతే తేడా. అద్దాలకు ముందు ఒక మనిషి రెండు చేతుల్లో బ్యాట్ల వంటివి పట్టుకొని సైగలు చేసి విమానాలను దింపేవాడనీ, అతణ్ని బ్యాట్స్‌మన్ అనేవారనీ మామ చెప్పినప్పుడు, ఆ పేరుకు క్రికెట్టుతో సంబంధం లేదని నన్ను నమ్మించడానికి ఆయనకు చాలాసేపే పట్టింది.

ఇంట్లో కంప్యూటరు మీద ఆడేవాళ్లకు ఇక్కడొక పెద్ద చిక్కు ఉంది. ఈనాటి ఓడల మీద అద్దానికి బదులు కటకాల వెనక వెలిగే దీపాలుంటాయి. నడుమ కనిపించే వెలుగును మీట్‌బాల్ అంటారు. రెండు పక్కలా ఆకుపచ్చ దీపాల వరుస ఉంటుంది. బాల్ ఆ వరుస కంటే పైన కనిపిస్తే మనం ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, కింద కనిపిస్తే తక్కువలో ఉన్నట్టు, ఎర్రగా కనిపిస్తే ప్రాణం మీదికి వచ్చినట్టు. నిజమైన పైలటు ముప్పాతిక మైలు దూరం నుంచి దాన్ని స్పష్టంగా చూస్తాడు. మా 15 అంగుళాల తెర మీద మాత్రం ఆ దూరంలో ఓడ మొత్తం ఒక గోధుమగింజంత ఉండేది, బాల్ రెండు మూడు చుక్కలు. దాన్ని ఆకుపచ్చ వరుసకు పైన ఉందా కింద ఉందా అని తేల్చుకునేలోపే తెరంతా ఎర్రబడేది. తర్వాతి కాలపు సిమ్యులేటర్లలో తెర మూలన బాల్‌ను పెద్దదిగా చూపే ఏర్పాటు వచ్చింది గానీ, మాకు ఆ రోజుల్లో అలాంటి ఏర్పాటు మామే. చదువుకొనే కళ్లద్దాలు పెట్టుకొని, మానిటరుకు జానెడు దూరంలో ముఖం పెట్టి, ఆ చుక్కలనే చూస్తూ "పైన... పైన... సరిగ్గుంది... జారుతాండావు, పవర్, పవర్!" అని అరిచేవాడు. ఆ అరుపుకు వంటింట్లో అమ్మ ఉలిక్కిపడి, కరెంటు పోయిందేమోనని ఫ్యాను వైపు చూసేది.

"పవర్" అనే ఆ కేకలోనే అసలు కిటుకు ఉంది. నేల మీద దిగే పైలటు ముక్కును ఎత్తుతూ దించుతూ ఎత్తును సరిచేసుకోవడం కొంతవరకు చెల్లుతుంది, నేల తాకబోయే ముందు ముక్కెత్తి మెత్తగా కూర్చోబెట్టడం చెల్లుతుంది. ఓడ మీద ఆ రెండూ చెల్లవు. ముక్కు కోణాన్ని ఒకచోట కట్టేసి, కిందికి జారుతుంటే థ్రాటిల్ కొంచెం పెంచాలి, పైకి పోతుంటే కొంచెం తగ్గించాలి. ఎడమచెయ్యి క్షణం ఆగకుండా పాలు పొంగకుండా మంట సరిచేసే చెయ్యిలాగా ఆడుతూ ఉండాలి. హార్నెట్ (ఎఫ్/ఏ-18) విమానంలో ఎదురొచ్చే గాలికి ముక్కు చేసే కోణం సరిగ్గా 8.1 డిగ్రీలు కుదిరితే పైలటు ఎదుటి గాజుపలక పక్కన చిన్న పసుపు సున్న వెలుగుతుంది. ఆ సున్నను చెదరనీయకుండా డెక్‌ను తాకే దాకా రావాలి, తాకడం కూడా దబ్బుమని తాకాలి. తాకిన ఆ క్షణంలో, ప్రపంచంలో ఏ డ్రైవరుకూ చెప్పని పని ఒకటి చెయ్యాలి: ఆగవలసిన చోట థ్రాటిల్‌ను పూర్తిగా ముందుకు తొయ్యాలి. కొక్కెం తీగను పట్టుకుంటే ఇంజను ఎంత గుంజినా విమానం ఆగిపోతుంది. పట్టుకోకపోతే ఆ పూర్తి బలంతోనే అంచు దాటి మళ్లీ గాలిలోకి లేస్తుంది. దీన్ని బోల్టర్ అంటారు. నేను మొదటి నెలంతా తాకగానే తెలివిగా థ్రాటిల్ వెనక్కు లాగి, అంచు దాటి సముద్రంలోకి నింపాదిగా దొర్లిపోయేవాణ్ని. బ్రేకు వెయ్యవలసిన చోట గేరు మార్చే మనిషిగా నన్ను మార్చడానికి మామ పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

లెక్క రాసే పని కూడా మామదే. పాత క్యాలెండరు కాగితం వెనక మూడు గడులు గీసి, "పట్టె", "తప్పె", "మునిగె" అని పేర్లు పెట్టాడు. మొదటి వారంలో మూడో గడి నిండిపోయి పక్క కాగితం మీదికి పాకింది. నాలుగు తీగల్లో వెనక నుంచి మూడోదాన్ని పట్టడమే గురి కాబట్టి, మూడో తీగ పడితే "పట్టె" కింద చుక్క పెట్టి దాని చుట్టూ సున్న చుట్టేవాడు. ఆ వేసవి మొత్తం మీద అలాంటి సున్నలు పదకొండు.

కరెంటు సంగతి చెప్పకపోతే ఆ వేసవి పూర్తి కాదు. మధ్యాహ్నాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయాక మా యూపీఎస్ ఐదు నిమిషాలు నిలిచేది. టక్కున చీకటై, యూపీఎస్ కీచుకీచుమంటుండగా, ఫ్యాను ఆగిన గదిలో చెమటలు కారుతూ, ఓడ ఇంకా మూడు మైళ్ల దూరంలో ఉండగా దిగడానికి చేసిన ప్రయత్నాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. నిజమైన పైలటుకూ ఇదే గతి అని మామ చెప్పేవాడు. సముద్రం మీద దగ్గరలో నేల లేకపోతే, తొట్టిలోని ఇంధనం ఎన్ని ప్రయత్నాలకు సరిపోతుందన్నదే లెక్క. మూడుసార్లు బోల్టరయిన పైలటు చెవిలో యూపీఎస్ మోగుతూనే ఉంటుందట.

లేవడం గురించి మామ చెప్పినది తక్కువ, కానీ చెప్పిన కొద్దిలో ఆయన స్వరం మారేది. ఈనాటి అమెరికా ఓడల్లో చాలావాటి మీద ముందు చక్రానికి ఉన్న కడ్డీని కాటపుల్ట్‌కు తగిలిస్తారు. ఆవిరితో నడిచే ఆ కాటపుల్ట్ దాదాపు 94 మీటర్ల దూరంలో, రెండు సెకన్లకు అటూ ఇటూగా, విమానాన్ని గంటకు సుమారు 265 కిలోమీటర్ల వేగానికి విసురుతుంది. విక్రాంత్ మీది సీ హాక్ యుద్ధవిమానాలకు ఆ కడ్డీ లేదు. విమానం కడుపు కింది కొక్కేలకు తీగమోకు తగిలించి విసిరేవారు. ఇంజను పూర్తి బలంతో గర్జిస్తుండగా దాని కిందికి వంగి పోయి, మోకు సరిగ్గా పడిందా లేదా చూసి రావడం ఎలా ఉంటుందో నా ఆటలో ఎక్కడా ఉండదని ఆయన ఫిర్యాదు. ఒక సంగతి మాత్రం ఆటకూ నిజానికీ కలిసింది. హార్నెట్ పైలటు కాటపుల్ట్ విసిరే క్షణంలో కుడిచేతిని స్టిక్ మీద ఉంచడు, పైనున్న పిడిని పట్టుకుంటాడు. విమానం తానే ముక్కెత్తేట్టు ముందే అమర్చి ఉంటుంది, చెయ్యి ఉంటే ఆ కుదుపుకు స్టిక్ వెనక్కు లాగేస్తుంది. నేను కోఠీలో 450 రూపాయలకు కొన్న జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి తీసి, కుర్చీ చేతిని పట్టుకొని కూర్చుంటే, విమానం చక్కగా తానే లేచేది. ఏమీ చెయ్యకుండా ఉండడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

2007 ప్రాంతంలో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటరు దించుకున్నాను. అందులో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి సముద్రంలో నిమిట్జ్ అనే అమెరికా విమానవాహక నౌక తిరుగుతూ ఉండేది, గాలిని మనమే అమర్చుకోవచ్చు. అప్పుడు మామ తన అసలు పాఠం మొదలుపెట్టాడు. విమానానికి కావలసింది ఓడ వేగం కాదు, డెక్ మీద వీచే గాలి. ఓడ వేగమూ ఎదురుగాలీ కలిపితే వచ్చే మొత్తం అది. 1971లో విక్రాంత్ బాయిలర్లలో ఒకటి బీటలు వారి ఉండడంతో, 25 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దాకా పోవలసిన ఓడ 16 నాట్లకు అటూ ఇటూగా పోతూ బంగాళాఖాతంలో యుద్ధానికి దిగింది. డిసెంబరు 4న దాని మీది సీ హాక్‌లు కాక్స్ బజార్ మీదా చిట్టగాంగ్ మీదా దాడి చేశాయి. ఆ రోజుల్లో డెక్ మీద ఉన్నవాళ్లందరూ శత్రువు కోసం చూసినదానికంటే ఎక్కువగా గాలి కోసం చూశారని మామ చెప్పేవాడు. నేను ఫ్లైట్‌గేర్‌లో గాలిని సున్నకు దించి, ఓడ వేగం తగ్గించి, బరువు నింపిన విమానాన్ని లేపి చూశాను. అంచు దాటగానే అది నీళ్ల వైపు కుంగి, ఎంతకీ లేవక, చివరి క్షణంలో నురగ తాకుతున్నట్టుగా పైకి వచ్చింది. వెనక నిలబడ్డ మామ ఏమీ అనలేదు, కుర్చీ వీపును పట్టుకున్న చెయ్యి మాత్రం చాలాసేపు వదలలేదు.

ఆ విక్రాంత్‌ను నేను కూడా ఒకసారి చూశాను. 2005 డిసెంబరులో గుంతకల్లులో రైలెక్కి ఇద్దరం ముంబయి పోయాం. అప్పటికది సేవ నుంచి విరమించి మ్యూజియంగా ఉండేది. మామ ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా ముక్కు వైపు నడిచి ఆగిపోయాడు. తాను పనిచేసిన కాటపుల్ట్‌ను ఆయన రిటైరయ్యాక తీసేసి, సీ హారియర్ విమానాల కోసం అక్కడ వాలుగా ఎత్తయిన ర్యాంపు కట్టారని ఆయనకు తెలుసు, అయినా ఆగిపోయాడు. తిరుగు రైలులో ఆయన మాట్లాడినదంతా చపాతీల గురించే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చింది. సెలవుకని హైదరాబాదు నుంచి వచ్చిన నేను, అమ్మ, నాయన, ముందురోజు మా ఇంట్లో పడుకున్న మామ, పక్కింటివాళ్లు అందరం మిద్దె ఎక్కాం. కింద కంప్యూటరు, క్యాలెండరు కాగితాలు, అన్నీ మునిగాయి. తెల్లవారేసరికి చుట్టూ ఎటు చూసినా ఎర్రని నీళ్లు, నడుమ మా మిద్దె. మామ పిట్టగోడ పట్టుకొని నిలబడి, ఆరేళ్ల కిందట తాను ముగ్గు వేసిన చోటును కాలితో రాస్తూ "ఇప్పుడు నిజంగానే ఓడైంది రా అల్లుడా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత పొట్లాలు వేయడానికి హెలికాప్టరు మా మీదుగా వచ్చినప్పుడు, అందరూ చీరలూ తువాళ్లూ ఊపుతుంటే, అరవై ఏళ్ల మామ మాత్రం కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, మోచేతుల దగ్గర మడిచి వెనక్కు లాగే సైగ చేశాడు, ముందుకు రా అని. చేస్తున్నట్టు ఆయనకే తెలియదనుకుంటాను. నీళ్లు తీసిన తర్వాత బురదలో జాయ్‌స్టిక్ దొరికింది. దాని లోపలి నుంచి వారం రోజులు ఒండ్రు రాలుతూనే ఉంది.

ఆ తర్వాత పదేళ్లు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. సిమ్యులేటరు మాటే లేదు. 2020లో లాక్‌డౌన్ వల్ల కర్నూలు ఇంటి నుంచే పనిచేయవలసి వచ్చినప్పుడు పెద్ద మానిటరూ, థ్రాటిల్ వేరుగా ఉన్న మంచి జాయ్‌స్టిక్కూ తెప్పించి, డీసీఎస్ అనే సిమ్యులేటరులో హార్నెట్‌నూ, అదే ఏడాది దానికి వచ్చిన సూపర్‌క్యారియర్ అనే ఓడ భాగాన్నీ పెట్టుకున్నాను. రెండు రోజుల్లో మూడో తీగ పట్టాను. పదిహేడేళ్ల వయసులో నెలలు పట్టిన పని ఇంత త్వరగా రావడానికి కారణం తెర పెద్దది కావడమా, చెయ్యి మరిచిపోకపోవడమా చెప్పలేను. వెంటనే మామను పిలిచాను. ఆయనకు డెబ్బై దాటింది, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. మాస్కు పెట్టుకొని వచ్చి, ఈసారి నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

నేను తీగ పట్టడం చూపించాలని ఉబలాటపడుతున్నాను గానీ, ఆయన చూపు విమానం మీద లేదు. ఈ కొత్త ఆటలో డెక్ మీద మనుషులున్నారు. పసుపు చొక్కావాళ్లు చేతులతో దారి చూపిస్తూ విమానాన్ని కాటపుల్ట్ దగ్గరికి నడిపిస్తారు, ఆకుపచ్చ చొక్కావాళ్లు వంగి తగిలింపు చూస్తారు, ఆవిరి వాళ్ల కాళ్ల మధ్య నుంచి పాకుతూ పోతుంది. ఇన్నేళ్లూ మా ఆటల్లో ఓడ ఉండేది, విమానం ఉండేది, డెక్ మాత్రం ఖాళీగా ఉండేది. నేను కాటపుల్ట్ మీద నిలిచి, థ్రాటిల్ పెంచి, ఇక విసరవచ్చని తెలిపే సెల్యూట్ మీట నొక్కబోతుండగా మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నొక్కొద్దు. ఇంజను ఆపొద్దు, ఎగరనూ ఎగరొద్దు. కాసేపు అట్లనే ఉండనీ" అన్నాడు.

తెర మీద ఇంధనం లెక్క తగ్గుతూ ఉంది. మామ ముందుకు వంగి, విమానం రెక్క పక్కన ఒంటి మోకాలి మీద కూర్చున్న పసుపు చొక్కా మనిషిని వేలితో చూపించి, "వాడు ఇంకో అడుగు ఎడంగా ఉండాల" అన్నాడు.